మా మామ ఆడిన గ్రీకు విషాదం

ఎం.ఏ. ఇంగ్లీషు కొత్తగా ప్యాసైన ఆ కాలంలో, లోకంలో నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే అది సిలబస్‌లో లేనిదే అయ్యుండాలని గట్టిగా నమ్మేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైం లెక్చరర్‌గా చేరాను. నాకు అప్పగించిన పాఠం ప్రాచీన గ్రీకుల విషాద నాటకం. కథానాయకుడు గొప్పవాడై ఉండాలి, అతనిలో ఒకే ఒక్క లోపం ఉండాలి, ఆ లోపం వల్లే అంతా తలకిందులు కావాలి, అప్పుడు తన తప్పు తనకు తెలిసిరావాలి, అది చూసిన జనం గుండెల్లో జాలీ భయమూ పొంగి మనసు కడిగినట్టు కావాలి. ఇదీ సూత్రం. బోర్డు మీద కొండ బొమ్మ గీసి, ఇది ఎక్కేవైపు, ఇది శిఖరం, ఇది దిగేవైపు అని చెబుతూ, దిగేవైపు వచ్చేసరికి కావాలని గొంతు వణికించేవాణ్ణి. (ముందు బెంచీ అమ్మాయిలు తలలు వంచుకుని నోట్సు రాసుకుంటున్నారనుకునేవాణ్ణి. నవ్వాపుకుంటున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది.)

ఆ ఏడాది కూడా వాన మొహం చాటేసింది. బెళుగుప్పకు అవతల ఉన్న మా ఊళ్లో వేరుశనగ చేలు పూతకు రాకముందే ఎండిపోతున్నాయి. అలాంటప్పుడు ఊరంతా కలిసి ఏదో ఒక పౌరాణిక నాటకం ఆడించడం మా వైపు అలవాటు. నాటకమంటే రాజు వేషం మా మామదే. అమ్మకు సొంత అన్న. ఆరడుగుల మనిషి, పద్యమెత్తుకుంటే చివరి వీధికి వినిపించేది. ఒకసారి సర్పంచిగా చేసి, రెండోసారి ఓడిపోయాడు. సెలవులకు ఊరికి వెళ్లిన నేను పెద్దలందరినీ కూర్చోబెట్టి, పాత నాటకాలతో లాభం లేదని, సూత్రబద్ధమైన విషాద నాటకం నేనే రాసిస్తానని చెప్పాను. ఎందుకొప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు. చదువుకున్నవాడు కదా అనుకుని ఉంటారు.

వారం రోజులు తలుపు వేసుకుని రాశాను. ఒక మహారాజు. అన్నీ మంచి గుణాలే, ఒక్క అహంకారం తప్ప. రాజ్యంలో కరువు వస్తుంది. బావి పల్లంలో తవ్వమని ప్రజలంతా మొత్తుకుంటారు. రాజు వినడు. (రాజు కోట కొండ మీద ఉంటుంది కాబట్టి బావి కూడా కొండ మీద ఉంటేనే ఠీవిగా ఉంటుందని నేననుకున్నాను. అంతకుమించి నా బుర్రలో ఏ ఆలోచనా లేదు.) బావిలో చుక్క నీరు పడదు, రాజ్యం నాశనమవుతుంది, చివర్లో రాజు విధిని నిందిస్తూ తెర వెనక్కి వెళ్లి చనిపోతాడు.

రాసింది అరుగు మీద కూర్చుని మామకు చదివి వినిపించాను. బావి ఘట్టం వచ్చేసరికి ఆయన తల దించుకున్నాడు. చదవడం అయిపోయాక కూడా ఎత్తలేదు. నా రచన గుండెల్ని తాకిందనుకున్నాను.

"ఇది నువ్వే రాసినావా అల్లుడూ? మీయమ్మ ఏమన్నా చెప్పిందా?"

"లేదు మామా, గ్రీకు సూత్రాల ప్రకారం రాసినాను."

"ఓహో. గ్రీకులదాకా పోయిందా ఈ సంగతి?" అని లేచి వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఏమిటంటే, మామ సర్పంచిగా ఉన్నప్పుడు ఊరికి ఒక బోరు మంజూరైంది. పల్లంలో పారే వంక పక్కన వేయమని ఊరంతా చెప్పినా వినకుండా, తన మాటే చెల్లాలని తన ఇంటి వైపు మిట్ట మీద వేయించాడు. బోరులోంచి తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ వేసవంతా ఆడవాళ్లు పక్క ఊరి నుంచి నీళ్లు మోసుకున్నారు. అందుకే ఓడిపోయాడు. ఇది ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏళ్ల తరబడి హాస్టళ్లలో పడి ఉన్న నాకు మాత్రం తెలియదు. అమ్మ చెప్పాలనే చూసింది, పాపం. "ఈ నాటకం వద్దు నాయనా, ఎప్పుడూ ఆడేదే ఆడుకోండి" అని రెండుసార్లు అంది. "నీకు కళ గురించి తెలీదులేమ్మా" అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రిహార్సళ్లు మొదలయ్యాయి. కథ మధ్యలో కలిసి పాడే కోరస్ కావాలి కాబట్టి భజన మండలిని నిలబెట్టాను. చావు తెర వెనకే జరగాలన్న నియమం దగ్గర పెద్ద రభస జరిగింది. "సచ్చేది చూపీకుంటే జనం ఊరకుంటారా అన్నా? సచ్చేదాని కోసమే కదా వచ్చేది!" అన్నాడు మైకులు, లైట్లు చూసే సాయిబు. గ్రీకులు అలా చూపించరని చెప్పాను. "వాళ్ల ఊర్లో కరెంటు లేదేమోలే" అని సరిపెట్టుకున్నాడు. పామిడి నుంచి అద్దెకు తెచ్చిన రాజు కిరీటం మామ తలకు చిన్నదై, కుదురుగా కూర్చోక ముందుకు జారుతుండేది. మామ మాత్రం ఒక్క మాటా ఎదురు చెప్పకుండా, నేను రాసిన ఏనుగులాంటి వాక్యాలన్నీ బడిపిల్లాడిలా వల్లె వేశాడు.

నాటకం రోజు పొద్దు వాలకముందే జనం చాపలు, గోనెసంచులు పరుచుకుని కూర్చున్నారు. నేను స్టేజీ పక్కన తెర చాటున కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. బావి ఘట్టం రాగానే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కొందరు వెనక్కి తిరిగి అత్తను చూస్తున్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కథలో లీనమయ్యారని నేను పొంగిపోతున్నాను.

ఆఖరి ఘట్టం. మహారాజు ఒంటరిగా నిలబడి, "ఓ క్రూర విధీ! నా కీర్తి సూర్యునికి గ్రహణమై దాపురించితివా!" అని అందుకోవాలి. మామ ముందుకు వచ్చాడు. కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. (తీయమని నేను రాయలేదు.) జనం వైపు చూసి, రాజు గొంతుతో కాకుండా ఇంట్లో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు.

"యమ్మా, ఆ యేడు ఎండల్లో మీరంతా బిందెలెత్తుకొని పోతాంటే నేను అరుగు మీద కూర్చొని చూస్తాంటి. బోరు మిట్ట మీద వద్దని అందరూ చెప్పినారు. నా మాటే నెగ్గల్ల అనుకొంటి..."

చంటిబిడ్డల్ని ఊరుకోబెడుతున్న తల్లులు కూడా ఆగిపోయారు. నా సూత్రం చెప్పిన జాలి, భయం, తప్పు తెలిసిరావడం, అన్నీ నా కళ్లెదుటే, నా ఊరి మాటల్లో, నా సొంత మామ నోట జరుగుతున్నాయి. ఆ పాఠం చెప్పే లెక్చరర్‌ని, నాకేం తోచింది? మామ డైలాగు మరిచిపోయాడని తోచింది!

"ఓ క్రూర విధీ" అని తెర చాటు నుంచి అందించాను. మామ వినిపించుకోలేదు. "ఓ క్రూర విధీ!" అని ఇంకాస్త గట్టిగా అన్నాను. పక్కనే కోరస్ కోసం పెట్టిన మైకు ఆన్‌లో ఉందని నాకు తెలియదు. మూడోసారి, "మామా! ఓ క్రూర విధీ!" అన్న నా అరుపు హారన్లలోంచి ఊరంతా మోగింది.

మామ తెర వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి.

"ఉండప్పా నువ్వు! విధిది కాదు, తప్పు నాది అని చెప్తాండా కదా!"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ పగలబడి నవ్వారు. ఈలలు వేశారు. హార్మోనియం వాయించే తాత కంగారుపడి మంగళం ఎత్తుకున్నాడు. భజన మండలి అందుకుంది. మహారాజు చావకుండానే తెర పడిపోయింది.

నా సిగ్గులేనితనానికి అక్కడితోనైనా హద్దు ఉండాల్సింది. తెర వెనక్కి వచ్చిన అత్తతో, "మామ నాటకమంతా చెడగొట్టినాడు" అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఓడిపోయినప్పటినుంచి మీ మామ టీ అంగడి కాడ కూర్చోలేదు, తెలుసునా నీకు? ఆ మాట ఊరికి యెట్ల చెప్పల్లో తెలీక మనిషి లోపల్లోపలే కుమిలిపోతాండాడు. నీ నాటకం పుణ్యాన ఇప్పటికి నోరు తెరిస్తే, నడిమధ్యలో దూరి విధీ విధీ అని అరిస్తివి కదప్పా!"

నా చేతిలో కాగితాలు ఇంకా ఉన్నాయి. వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. మామ ఒక మూల కూర్చుని మొహానికి రాసుకున్న రంగు కొబ్బరినూనెతో తుడుచుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పాల్సింది. వెళ్లలేదు. పొద్దున్నే మొదటి బస్సెక్కి అనంతపురం వచ్చేశాను. వాన ఆ తర్వాత కూడా రాలేదు. అది కూడా నావల్లేనని కొన్నాళ్లు నమ్మాను.

రెండు నెలల తర్వాత ఏదో పని మీద మామ అనంతపురం వచ్చి కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు. దూరం నుంచే చూసి సైకిల్ స్టాండు వెనక నక్కాను. "ఏమప్పా, యాడ దాక్కుంటావు? కాళ్లు కనపడ్తాండాయి" అన్నాడు. బయటికి రాక తప్పలేదు. తల వంచుకుని, "తప్పయిపోయింది మామా" అన్నాను.

"దేనికి? జనం నవ్వినారు, మంచిదే అయింది. నవ్వినంక కోపం యాడుంటాది? మర్సటి దినం టీ అంగడి కాడికి పోతే అందరూ జరిగి చోటిచ్చినారు. వంక కాడ కొత్త బోరు వేసేటప్పుడు నన్ను గూడా పిలిచినారు." నా భుజం మీద చెయ్యి వేసి, చాలా సీరియస్‌గా అన్నాడు. "ఈతూరి నవ్వించే నాటకం రాయి అల్లుడూ. జనం బాగా ఏడుస్తారు."

ఆ నాటకం నేను ఇంతవరకూ రాయలేదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా తెర చాటున నిలబడి గొంతు చించుకుంటున్న ఆ కుర్ర లెక్చరర్ కళ్లముందుకు వస్తాడు. ముందు సిగ్గుతో మొహం తిప్పుకుంటాను. కాసేపయ్యాక వాడిమీద కొంచెం జాలి కలుగుతుంది. పోనీలే పాపం, డైలాగు మరిచాడనుకున్న మామ పేరు నిలబెట్టాలనే కదా అంత గట్టిగా అరిచాడు అనుకుంటాను.