నాకు అండమాన్ పడింది

గంపలగూడెంలో పాతకాలంవాళ్ళనెవరినైనా అడిగి చూడండి, నేను ఖూనీ చేశాననే చెబుతారు. చేయలేదండి బాబూ! నేను చేసిందల్లా మా తిరువూరు బస్టాండులో నిలబడి ఒక్క కేక వేయడం. ఆ కేకతో నా పెళ్ళి కాస్తా సముద్రంలో కలిసింది.

డెబ్భైల్లో మాట. నాకు గవర్నమెంటులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఎంపికైన నలుగురిలో అండమాన్ వెళ్ళడానికి ఎవరూ సిద్ధంగా లేరు. నేను ఎగిరి గంతేశాను. మాది పత్తిచేలూ మామిడితోటలూ తప్ప అల అనేది ఎరగని ఊరు. అక్కడేమో నీలిసముద్రం, కొబ్బరిచెట్లు, అన్నిటికన్నా ముఖ్యం, మా నాన్న కేకలు వినిపించనంత దూరం! ఆ దీవిలో ఒంటరిగా కొత్త జీవితం మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి మా మావయ్య కూతురు సుశీలను పెళ్ళాడి తీసుకెళ్ళి ఆ ఇసుకలో నడిపించాలని నా పథకం. సుశీల నన్ను ఏనాడూ లెక్కచేసేది కాదు. "బావ మంచోడే" అనేది, వంకాయ మంచిదే అన్నట్టు. అయినా పెద్దవాళ్ళు శనివారం గంపలగూడెం చర్చిలో మాకు ప్రధానం, అదే, నిశ్చితార్థం పెట్టుకున్నారు. సరిగ్గా అదే శనివారం నన్ను మద్రాసులో ఓడెక్కమన్నారు.

ఈ సంగతి మావయ్యకి చెప్పాలి కదా! బస్టాండుకి పరుగెత్తాను. గంపలగూడెం బస్సు కదలబోతోంది. కిటికీలో మావయ్య పక్కింటి ఏసోబు బాబాయి కనిపించాడు. నా ఉద్యోగం సంగతి గంపలగూడేనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారని నేననుకున్నాను.

"బాబాయ్! మావయ్యకి చెప్పు, నాకు అండమాన్ పడింది! శనివారమే పంపించేస్తున్నారు!" అని అరిచాను.

ఒక్క నిమిషం ఆగండి. ఉద్యోగస్థుల ఇళ్ళలో పోస్టింగు 'పడుతుంది'. మిగతా ప్రపంచంలో శిక్ష 'పడుతుంది'. పైగా అండమాన్ అంటే మావైపు సముద్రం కాదు, తెల్లదొరల కాలం నాటి జైలు. ఈ తెలివి ఇప్పుడుంది, అప్పుడు లేదు.

"అయ్యో నాయనా! ఎన్నేళ్ళు?" అన్నాడు బాబాయి.

"మూడేళ్ళు! బుద్ధిగా ఉంటే ముందే వదులుతారంట!"

"నువ్వొక్కడివేనా? నీతోపాటు ఇంకెవరూ లేరా?"

"ముగ్గురున్నారు! ఎవడూ ఒప్పుకోలేదు. నేనొక్కణ్ణే ఒప్పుకున్నా!"

ఎంత గర్వంగా అన్నానో! కిటికీ పక్కనున్న ఆవిడ మెడలో గొలుసు కొంగుకింద దాచుకుంది. కండక్టరు నన్ను ఎగాదిగా చూసి "రైట్, రైట్" అని మామూలు కంటే గట్టిగా అరిచాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరూ మంచిదే, ఊరూ మంచిదే, మధ్యలో ఆ బస్సే మంచిది కాదు. తిరువూరు దాటేటప్పుడు నాది దొంగతనం. సగం దారిలో దోపిడీ. గంపలగూడెంలో దిగేసరికి నేను ఇద్దర్ని పొడిచేశానట!

మర్నాడు పొద్దున్నే మావయ్య వచ్చాడు. చంకలో బైబిలు, వెనకాల సుశీల. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ప్రధానం ఆగిపోయినందుకు కాబోలని నేను కరిగిపోయాను.

"నిజంగా నీ అంతట నువ్వే ఒప్పుకున్నావంట్రా?"

"అవును మావయ్యా. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎప్పట్నుంచో కోరిక."

"కోరికా!" మావయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మీ నాన్నకి తెలుసా?"

"నాన్నే కదా వెన్ను తట్టింది! అమ్మయితే వీధంతా లడ్డూలు పంచింది."

"ప్రభువా! మరి మా సుశీల గతేంట్రా?"

"దానికేం దిగులు మావయ్యా? ఏడాది ఆగితే పెళ్ళాన్ని కూడా తెచ్చుకోనిస్తారు. గది ఇస్తారు. గాలీ వెలుతురూ బాగుంటాయంట."

"పెళ్ళాన్ని కూడానా? అదేం చేసిందిరా!"

అంతసేపూ సుశీల గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నన్ను కన్నార్పకుండా చూడడం అదే మొదలు. నేను ఛాతీ ఇంకాస్త విరిచాను.

ఇంతలో మా అమ్మ లడ్డూల పళ్ళెంతో వచ్చింది. "అన్నయ్యా, వీడికి ఉద్యోగమొచ్చిందిగా, ముందు నోరు తీపి చేసుకో."

"ఉద్యోగమా?"

"మరేంటనుకున్నావు? గుమాస్తా ఉద్యోగం!"

మావయ్య ముందు ఊపిరి పీల్చుకున్నాడు, ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. ఏసోబు బాబాయి మోసుకొచ్చిన కబురంతా చెబుతూ, నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. "లేవరా! ఇవాళే పాస్టరుగారితో మాట్లాడి ప్రధానం ముందుకు జరుపుదాం" అన్నాడు. నా గుండె గంతులు వేసింది.

సుశీల మాత్రం నవ్వలేదు. మొహం వాడిపోయింది.

"గుమాస్తావా?" అంది.

"అవును! పర్మినెంటు!" అన్నాను.

"నేను చేసుకోను నాన్నా" అంది సుశీల. "ఖూనీ చేశాడంటే, పోనీలే, ఇన్నాళ్ళకి బావలో ఏదో ఉందనుకున్నా. ఎన్నేళ్ళైనా ఎదురు చూద్దామని రాత్రంతా ఏడ్చా. కాగితాలు రాసుకునేవాడి కోసం సముద్రం ఎవరు దాటతారు?"

శనివారం ఒంటరిగానే ఓడెక్కాను. కొత్త జీవితం ఒంటరిగా మొదలుపెట్టాలన్న కోరిక ఇంత నిండుగా తీరుతుందని నేననుకోలేదు. ఏడ్చానండి, దాచడమెందుకు! ఒడ్డు కనుమరుగవుతుంటే ఆ నీలిసముద్రం సాక్షిగా ఒట్టు వేసుకున్నాను, రెండర్థాల ఆ పాడుమాట ఇక నా నోట రానివ్వనని. ఈనాటికీ నా విషయంలో వాన కురుస్తుంది, దెబ్బ తగులుతుంది, నిద్ర వస్తుంది. మొన్న మెట్లమీద కాలు జారితే జనం మూగి "ఏమైందండీ?" అని అడిగారు. నడుం పట్టుకుని మూలుగుతూనే చెప్పాను: "ఏం లేదండీ, కిందికి చేరుకున్నాను."