ఊపిరికొక చుట్టు

ఆ ఎండాకాలం ఒక పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. తొక్కుడు చెక్క మీద కుడికాలు వేయగానే మడమ పైన చురుక్కుమంది. చూస్తే శనగగింజంత బొబ్బ. తేలేమోనని గుంటంతా వెతికాను, ఏమీ లేదు. మధ్యాహ్నానికి ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, జ్వరం.

మాది కొత్తకోట దగ్గర నేతగాళ్ల వాడ. అమ్మానాయినలు నా చిన్నప్పుడే పోతే మా అవ్వ, అంటే నాయిన తల్లి, నన్ను పెంచింది. ఆమె కండెలు చుడుతుంది, నేను నేస్తాను. మా ఇద్దరి తిండీ నా రెండు కాళ్ల మీదే నడుస్తుంది. అందుకే బొబ్బ చూసి అవ్వ ముఖం వాడిపోయింది.

"నారికురుపు రా ఇది. లోపల దారమసొంటి పురుగుంటది. గంగమ్మకు మొక్కు. పదకొండు పొద్దులు మెట్లబాయిల మోకాటి లోతున నిలవడు."

అప్పటికి నాకు దేవుడంటే వెటకారం. సంఘం మీటింగుకు పోయొచ్చి, "గంగమ్మ మన దిక్కా, దొర దిక్కా అవ్వా?" అని ఆమెను ఉడికించేవాణ్ణి. "నీ నోట్ల మన్నువడ" అని తిట్టేది. కానీ మంట ముందు నా వెటకారం ఎంతసేపు నిలుస్తుంది? మర్నాడే పోయి నీళ్లలో నిలబడ్డాను.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ పొద్దులే కనిపిస్తాయి. పచ్చటి నీళ్లు, నీళ్ల మీంచి గోడలకెక్కి కదిలే వెలుగు, పై మెట్ల మీద ఆడవాళ్ల కడవల చప్పుడు. కాలు నీళ్లలో పెట్టగానే మంట ఎటు పోయేదో పోయేది. మేలుకుని ఉన్నానో, నిద్రలో ఉన్నానో తెలిసేది కాదు. గంగమ్మ నిజంగానే ఉందేమో అనిపించి నాలో నేనే సిగ్గుపడేవాణ్ణి.

మూడోనాడు బొబ్బ పగిలి తెల్లటి దారం కొస బయటికొచ్చింది. అవ్వ దాన్ని చీపురుపుల్లకు చుట్టింది. ఇక రోజూ అదే పని. ఊపిరి వదులుతూ "రామా" అని ఒక చుట్టు, మళ్లీ "రామా" అని ఒక చుట్టు. బిగిసిందంటే అక్కడే ఆపి, పుల్లను కాలికి కట్టేసేది.

"నువ్వు గూడ ఏదన్న పేరు తల్సుకో."

"నాకు పేర్లు రావు."

"రాకుంటె ఊపిరన్న మెల్లగ ఇడువు. ఊపిరికొక చుట్టు. తెగిందంటె కాలు పోతది బిడ్డా."

పదకొండు పొద్దులు పూర్తయ్యాయి. నారు సగం దాకా వచ్చింది. అప్పుడే ఒకనాడు మిట్టమధ్యాహ్నం రజాకార్లు వస్తున్నారని వాడలో కేక పుట్టింది. అందరం గుట్ట దిక్కు ఉరికాం. "మెల్లగ రా, మెల్లగ" అని వెనక నుంచి అవ్వ అరుస్తూనే ఉంది. ప్రాణభయంతో ఉరికేవాడు మెల్లగా ఎట్లా పోతాడు? కంపలో పుల్ల చిక్కింది. గుంజాను. తెగింది. తీరా ఆ రోజు ఎవరూ రానేలేదు.

రెండు రోజుల్లో పిక్క గుమ్మడికాయంత అయింది. బండి మీద కొంత, బస్సులో కొంత, పాలమూరు దవాఖానకు చేరాం. డాక్టరు సాబు చూసి తల ఆడించాడు.

"గినీవర్మ్. లోపల తెగి సెప్టిక్ అయింది. కోసి చీము తియ్యాలె. కాలు దక్కుతదో లేదో నాలుగు దినాలైనంక చెప్త."

కోశారు. సల్ఫా మాత్రలు, రోజూ డ్రెస్సింగ్. ఆ నాలుగు రోజులూ జ్వరంలో వార్డు కప్పు పచ్చటి నీళ్లలా కదిలింది. నా కాలిలోంచి తెల్లటి బట్ట వస్తూనే ఉంది, అవ్వ చుడుతూనే ఉంది. మెలకువ వచ్చినప్పుడల్లా నా ఊపిరి ఆమె చెప్పిన తీరునే మెల్లగా పోతుండేది. భయం వేసినప్పుడు పట్టుకోవడానికి నాకు అదొక్కటే ఉంది. అయిదోనాడు డాక్టరు, "దక్కింది పో" అన్నాడు. అవ్వా నేనూ ఇద్దరం ఏడ్చాం.

డిశ్చార్జి నాడు అవ్వ మూట కడుతుంటే ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"కాలు ఏ నీళ్లల్ల పెట్టినవ్?"

"మెట్లబాయిల."

"తాగేది గవ్వే నీళ్లా?"

"ఔ."

"నీళ్లు తగలంగనే పురుగు పిల్లల్ని ఇడుస్తది. గా నీళ్లు తాగినోళ్లకు ఏడాదికి బయటవడ్తది. బట్టల వడపోసి తాగుండ్రి."

ఇంటికొచ్చి వాడంతా తిరిగి వడపోసుకోమని చెప్పాను. ఎందుకో మాత్రం అవ్వకు చెప్పలేదు. మొక్కు చెప్పింది ఆమే కదా, నోరు రాలేదు. వానాకాలంలో పోలీస్ యాక్షన్ అయి మిలిటరీ లారీలు రోడ్డున పోతుంటే అందరూ చూడబోయారు. నేను గడప మీద కూర్చుని వేళ్ల మీద నెలలు ఎంచుకుంటున్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. వడపోత మొదలవకముందే ఆ నీళ్లు తాగినవాళ్లలో నలుగురికి బొబ్బలు లేచాయి. అయిదో మనిషి అవ్వ. ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. అవ్వ గోడ దిక్కు తిరిగింది.

"గంగమ్మ నీళ్లల్ల నేనే పురుగులు పోయిస్తి గదరా."

"నీకేం ఎరుక అవ్వా."

"నాకు లేదు. ఎరుకైనోడివి నువ్వన్న చెప్పొద్దారా? మొక్కు చిన్నగైతదని దాస్తివా?"

ఆ రోజు నుంచి ఎంత మంట లేచినా అవ్వ బావి మెట్టు దిగలేదు. ఇంటి వెనక మండుటెండలో తొట్టి నీళ్లలో కాలు పెట్టుకుని, ఆ నీళ్లు బావికి దూరంగా ఎండిన నేల మీద పోయించేది. "గీసారి మొక్కు గిదే" అంది. ఆ నలుగురి చేతా అట్లాగే చేయించింది. నేను ఎన్నో మీటింగులు విన్నాను కానీ దేవుడి గురించి నాకు అర్థమైంది ఆ తొట్టి దగ్గరే.

ఈసారి చుట్టడం నా వంతు. ఒకనాడు నా పెదవులు కదలడం చూసి అవ్వ అడిగింది.

"ఏం పేరు తల్సుకుంటున్నవ్ రా?"

"పేరేం లేదు. 'మెల్లగ, మెల్లగ' అంటున్న."

"గదే చాలు తియ్" అని నవ్వి కళ్లు మూసుకుంది.

నెల దాటాక నారు తెగకుండా మొత్తం వచ్చేసింది.

ఇప్పుడు అవ్వ కండెలు చుడుతోంది, నేను కొంచెం కుంటుతూనే నేస్తున్నాను. పోయిన ఏడు దట్టమైన ముతకబట్ట నేసి ఇంటికొక ముక్క ఇచ్చాను. దానికి ఒక్క వైపే ఎర్ర గీత కుట్టించాను. చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బట్టను రెండు మడతలు పెట్టి కడవ మూతికి కట్టండి. గుర్తు పెట్టిన వైపే ఎప్పుడూ పైకి ఉండాలి, తిరగేస్తే పట్టుకున్న పురుగంతా కడవలోకే పోతుంది. తొందరపడి కుమ్మరిస్తే నీళ్లు అంచుల పక్క నుంచి జారిపోతాయి. పొద్దున్నే మా ఇంట్లో ఆ పని ఇద్దరం కలిసి చేస్తాం. అవ్వ "రామా" అంటూ బట్ట పట్టుకుంటుంది, నేను "మెల్లగ" అంటూ పోస్తాను.