లామినేషన్‌కు ముందే దిల్‌సుఖ్‌నగర్ చేరాలి

హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు పదకొండు కిలోమీటర్లు. మామూలు రోజుల్లో సిటీ బస్సెక్కి ఓ కునుకు తీస్తే దాటిపోయే దూరం. సకల జనుల సమ్మె రోజుల్లో మాత్రం ఆ దారి కాశీయాత్రకు పినతల్లి. మళ్లీ ఎవరికైనా ఆ అవసరం పడితే పనికొస్తుందని గంటలూ నిమిషాలతో సహా రాస్తున్నాను.

తప్పంతా నాదే. మా వీధి చివర సుగుణమ్మ గారుంటారు, రిటైరైన నర్సు. నల్గొండ దారిలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఎస్తేరు డాక్టరమ్మ పక్కన ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆ డాక్టరమ్మ యూదురాలు. హిట్లర్ శిబిరాల్లో తల్లినీ చెల్లెళ్లనూ పోగొట్టుకుని, తానొక్కతే బతికి బయటపడి, యుద్ధం ముగిశాక ఇక్కడికొచ్చి మన జ్వరాలతో యుద్ధం మొదలుపెట్టిన మనిషి. పోయేముందు తన కాగితాలు సుగుణమ్మ గారి చేతిలో పెట్టారు. తల్లి రాసిన ఏడు ఉత్తరాలు, ఉల్లిపొరకంటే పల్చని కాగితం మీద. మూడు నోటుపుస్తకాలు, డాక్టరమ్మ చెబుతుంటే మధ్యాహ్నాలు సుగుణమ్మ గారు తెలుగులో రాసిపెట్టిన ఆవిడ జీవితం. ఆ కుటుంబం భూమ్మీద ఉండేదనడానికి వేరే గుర్తు లేదు.

పదిహేను రోజుల కిందట ట్రంకుపెట్టెలో చెదలు కనిపించి ఆవిడ పరేషానైతే, అడగకుండానే సలహా ఇవ్వడంలో మూడు జిల్లాల్లో పేరున్న నేను లామినేషన్ చేయించమన్నాను, ప్రళయం వచ్చినా తడవవన్నాను. పదో తరగతి మెమో మొదలు వేంకటేశ్వరస్వామి పటం దాకా, మన ఇళ్లలో ప్లాస్టిక్ తొడుక్కోని గౌరవప్రదమైన కాగితం ఏదీ? అదే ఊపులో, ఇలాంటి కాగితాలు దాచే ఒక విదేశీ సంస్థకు ఈమెయిల్ కూడా పంపాను.

ఉదయం 8.10. ఇంటర్నెట్ సెంటర్‌లో జవాబు చూసి ప్రింటు తీసుకున్నాను. ఎంతో మర్యాదగా రాసిన ఆ సంస్థ ఆవిడ ఒక్క వాక్యం మాత్రం పెద్దక్షరాల్లో కొట్టింది. దయచేసి లామినేట్ చేయవద్దు, వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, కాగితం లోపలే చస్తుంది. తెల్ల కాగితాల మధ్య పరిచి అట్టపెట్టెలో పెట్టండి, ఫొటోలు తీయండి, మేం వస్తాం.

8.25. పరుగున వెళ్తే సుగుణమ్మ గారి కోడలు ముగ్గేస్తోంది. "అత్తమ్మ పొద్దుగాలనే వోయింది సార్. పక్కింటి తమ్ముడి బండి మీద. దిల్‌సుఖ్‌నగర్‌ల పెద్ద మిషినున్నదట. ఫోన్ ఇంట్లనే మర్చిపోయింది." నా గుండె చేసిన చప్పుడుకు ఆ వీధిలో నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి.

8.50. బస్సుల్లేవు. షేర్ ఆటోలో మామూలుగా పది రూపాయలు, ఆ రోజు యాభై. ముగ్గురు కూర్చునే చోట తొమ్మిదిమంది. నా ఎడమకాలు మాత్రం పక్క ఆటోలో ప్రయాణించిందని నా నమ్మకం. 9.30కి చింతలకుంట దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు. దిగి నడక.

10.10. ఎల్బీ నగర్ చౌరస్తా. అక్కడ ట్రాఫిక్ బదులు అన్నం ఉడుకుతోంది. ఉద్యమంవాళ్లు నడిరోడ్డు మీద వంటా వార్పూ పెట్టారు. ఆ గుండిగలో దిగితే ఈత రానివాడు బతకడు. రాస్తారోకోలో ఆగిన బండ్లలో నల్గొండ బత్తాయిల డీసీఎం వ్యాను ఒక్కదాన్నే, పండు కుళ్లుతుందని వదులుతున్నారు. నేను డ్రైవరు కాళ్లావేళ్లా పడుతుంటే గులాబీ కండువా కుర్రాడొకడు ఎక్కడికని నిలదీశాడు. తెనాలిలో పుట్టిన నాలుకతో, యూదులు, డాక్టరమ్మ, చెదలు, ప్లాస్టిక్ అని ఒక్క ఊపిరిలో చెప్పాను. వాడు సగం విని, జై తెలంగాణ అనమన్నాడు. అన్నాను, గోల్కొండ బురుజు మీద సున్నం రాలేంత గట్టిగా.

"సారు మనోడే," అన్నాడు వాడు వెనకవాళ్లతో. "గొంతొక్కటే గుంటూరు నుంచి పార్సిల్ వచ్చింది. ఎక్కియ్యుండ్రి."

10.40. బత్తాయిల మీద బోర్లా పడుకున్నాను. డ్రైవరు యాదగిరి షరతు ఒక్కటే పెట్టాడు. "నువ్వు నలిగినా మంచిదే సార్, పండు నలగొద్దు." కొత్తపేట మార్కెట్ చేరేసరికి 11.15. నన్ను కూడా తూకం వేస్తారేమోనని భయపడి దూకేశాను. కిరాయి అడిగితే వద్దన్నాడు. ఒంటిగంటకు ఖాళీ బండితో తిరిగిపోతానని, ఎల్బీ నగర్‌లో ఉంటే ఎక్కించుకుంటానని చెప్పాడు.

11.50. చైతన్యపురి మీదుగా పరుగుతో కలిపిన నడక. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందు, ఇంటికో జిరాక్సు. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కదా, పది నుంచి పన్నెండు దాకా కరెంటు కోత. షాపులవాళ్లు గుమ్మాల్లో కూర్చుని లామినేషన్ కవర్లతో విసురుకుంటున్నారు. లోకంలో కరెంటు కోతను కౌగిలించుకోవాలనిపించిన మొదటి మనిషిని నేనే.

పద్నాలుగో షాపులో ఆవిడ కనిపించారు. బెంచీ మీద, ఒళ్లో ఉత్తరాల, నోటుపుస్తకాల కట్ట. మిషన్ ముందు బల్ల మీద, ప్లాస్టిక్ కవర్లో దూర్చి సిద్ధంగా ఉన్న మొదటి ఉత్తరం. నేను నోరు తెరిచేలోపు పైన ఫ్యాను కదిలింది. మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది. షాపతను లేచి చెయ్యి చాచాడు.

నేను ఎలా దూకానో నాకు తెలియదు. చూసినవాళ్లు కౌంటరు పైనుంచి అన్నారు. ఉత్తరం నా చేతిలో ఉంది.

"లైన్ల రావాలె సార్," అన్నాడు షాపతను.

సుగుణమ్మ గారు కళ్లజోడు సవరించుకుని నన్ను ఆపాదమస్తకం చూశారు. "గిదేంది సారూ? చేపియ్యుమని నువ్వే చెప్తివి గద."

తప్పు చెప్పానన్నాను. ఈ మాట నా నోట్లోంచి రావడం మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఈమెయిల్ ప్రింటు చూపించి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆవిడ మెల్లగా సంచిలోంచి ఒక కాగితం తీశారు. కరెంటు పోకముందు లామినేట్ అయినది అదొక్కటే. ఆవిడ నర్సింగ్ సర్టిఫికెట్. కింద డాక్టరమ్మ సంతకం ఉన్నచోటే ప్లాస్టిక్ బుడగలా లేచి, కాగితం ముడతపడి, సగం పేరు మడతలోకి పోయింది.

"ఇంజెక్షన్‌కు ముందుగాల టెస్ట్ డోసు ఇస్తం గద. నాది వెట్టి చూసిన. మిషిను సక్కగ కాగలేదు, రెండోది మంచిగొస్తదని ఉత్తరం కవర్ల వెట్టిండు ఈ పిలగాడు. నాకైతే మనసొప్పలే, కూసున్న."

మీ సర్టిఫికెట్ పోయిందే అన్నాను. "పోతే పోనీ. నేను నర్సునని ఇంక ఎవరికి చూపియ్యాలె?" అన్నారు గానీ, బొటనవేలితో ఆ ముడతను మూడుసార్లు సాపు చేశారు. అది సాపు కాలేదు.

12.15. షాపతను నొచ్చుకుని ఒక ఖాళీ అట్టపెట్టె ఉచితంగా ఇచ్చాడు. తెల్లకాగితాల కట్ట కొన్నాం. బెంచీ మీదే ఏడు ఉత్తరాలూ విడివిడిగా పరుస్తుంటే ఆవిడ చేతులు గాయానికి కట్టు కడుతున్నట్టే ఉన్నాయి, తొందర లేదు. సైకిల్ రిక్షా దొరికింది, ఎల్బీ నగర్‌కు ఎనభై. రోడ్డు మీదే భోజనం. అన్నం, పప్పు, పచ్చిపులుసు. కండువా కుర్రాడు పెట్టెను చూసి, ప్లాస్టిక్ తప్పిందా అని అడిగి, నాకు రెండోసారి వడ్డించాడు. మూడోసారి నేనే అడిగాను.

1.20. యాదగిరి బండి. ఈసారి ముందు సీటు. సుగుణమ్మ గారు మూడో నోటుపుస్తకం పైకి తీసి, ఒక పేజీ దగ్గర ఆగి, ఆ ఫారినోళ్లు దీన్ని చూస్తే తిడతారేమోనన్నారు. శిబిరంలో డాక్టరమ్మతోపాటు ఒకే చెక్కబల్ల మీద పడుకున్న ఆడవాళ్ల పేర్లు అవి. తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో. హన్నమ్మ. రూతమ్మ. లేయమ్మ. మిర్యమ్మ. ఆ పేజీ నిండా అలాగే.

"మా దిక్కు పెద్దోళ్లను ఉత్త పేరుతోటి పిలువం గద సారూ. రాసుకుంట నేనే అమ్మ అని కలిపిన. డాక్టరమ్మకు సదివి వినిపించి, తప్పైతే కొట్టేస్తనన్న. వద్దన్నది. ఆడ నంబరుతోటి పిలిచిండ్రట, గట్లనే ఉంచు సుగుణా అన్నది."

పేరు పేరుకూ కలిపిన ఈ 'అమ్మ' గురించి ఆ విదేశపు ఆవిడకు ఏమని రాయాలో వనస్థలిపురం దాటేదాకా ఆలోచించాను. ఎంత పెంచి రాసినా తక్కువే అయ్యేలా ఉంది.

యాదగిరి బండిని నెమ్మది చేశాడు. "ఆ పేర్లు మల్లొకసారి సదువమ్మా," అన్నాడు.

ఆవిడ వేలు పెట్టి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.