అవును, కాదు అనకూడని ఆట

పిల్లలతో కారులో దూరప్రయాణమంటే కప్పల తక్కెడే. ఒకరిని కూర్చోబెడితే ఇంకొకరు లేస్తారు. ఒకరికి దాహం, ఇంకొకరికి వాంతి, ఇద్దరికీ కిటికీ పక్క సీటే కావాలి. మారేడ్‌పల్లిలోని మా ఇంటి నుంచి విజయనగరం అవతల మా అత్తగారి ఊరికి చీకటితో బయల్దేరితే సాయంత్రానికి చేరతాం. ఏటా వేసవి సెలవుల్లో పోతాం. ఫోన్లు చేతికిచ్చేస్తే గొడవ ఉండదని మా ఆయన అంటాడు. ఆయనకేం, ముందు చూసుకుని నడిపే మనిషి. కదిలే బండిలో ఫోను చూస్తే మావాడు కక్కుకుంటాడు, తుడిచేది నేను. అందుకని మా కారులో ఫోన్లు లేవు, ఆటలున్నాయి.

ముందు నంబర్ ప్లేటు క్రికెట్. ఎదురొచ్చే బండి నంబరులో చివరి అంకె ఎంతో అన్ని పరుగులు, సున్నా వస్తే ఔట్. అది విసుగేస్తే ఊళ్ల పేర్లతో అంత్యాక్షరి. అదీ అయిపోతే లారీల వెనక రాతలు గట్టిగా చదవడం. మావాడు చిన్నప్పుడు ఆటలో అరటిపండు. వాడు ఔటైనా ఔట్ కాదు, గెలిచినా లెక్కలేదు. ఆ సంగతి వాడికి తెలియదు కాబట్టి అందరికంటే వాడే ఎక్కువ సంబరపడేవాడు.

ఈ ఆటలన్నీ నేను అప్పటికప్పుడు అల్లినవే. ఒక్కటి మాత్రం మా అమ్మది. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మాకు కారేమిటి, స్కూటరు కూడా లేదు. రైల్వే పాసు మీద తిరుపతికో ఎక్కడికో పోయేటప్పుడు అమ్మ మా అన్ననూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ ఆట మొదలుపెట్టేది. ఒకరు ఆగకుండా ప్రశ్నలు అడుగుతూ పోవాలి, ఇంకొకరు ఆలోచించకుండా జవాబు చెప్పాలి. అవును అనకూడదు, కాదు అనకూడదు. తల ఊపినా తప్పే. వినడానికి ఇంతే. ఆడి చూస్తే తెలుస్తుంది, మన నోట్లోంచి అడ్డూ ఆపూ లేకుండా ఎన్ని అవునులు రాలిపోతాయో.

ఒక ఏడు అమ్మ కూడా మాతో కారులో వచ్చింది. మా ఆడపడుచు కూతురి పెళ్లి. వెనక సీట్లో ఇద్దరు పిల్లల మధ్య కూర్చుంది, ఒళ్లో మంచినీళ్ల సీసా పెట్టుకుని. ఆట మొదలైంది. మా అమ్మాయి అడుగుతోంది.

"అమ్మమ్మా, నీకు ఆకలి అవుతోందా?"

"పెడ్తే తింట."

"నువ్వు ముసలిదానివేనా?"

"నీ కండ్లకు ఎట్ల కొడ్తున్న?"

"నీకు నాకంటే తమ్ముడే ఎక్కువ ఇష్టం కదా?"

"గిది ఎవలు చెప్పిన్రే నీకు?"

విజయవాడ వచ్చినా అమ్మ ఔట్ కాలేదు. చివరికి మా అమ్మాయి బతిమాలితే కిటుకు చెప్పింది. "అడిగినోళ్లనే మల్ల అడుగాలె బిడ్డా. అప్పుడు నీ నోట్లకెల్లి ఏదీ రాదు." దాంతో మా అమ్మాయికి పట్టు దొరికింది. ఆ తర్వాత ఆ ఆటలో దాన్ని ఓడించినవాళ్లు లేరు. నేనూ ఓడాను, ఎప్పుడో తప్ప ఆడని మా ఆయనా ఓడాడు. మావాడి సంగతి చెప్పనక్కర్లేదు, వాడు మొదటి ప్రశ్నకే నిజం కక్కేసేవాడు.

పోయినేడు వేసవిలో అత్తగారింట్లో ఉన్నాం. ఇంకా తెల్లవారలేదు, మా ఆయన నన్ను తట్టి లేపాడు. "మీ అన్నయ్య ఫోన్ చేశాడు. మీ అమ్మగారికి కొంచెం సీరియస్‌గా ఉందట. బయల్దేరిపోదాం," అన్నాడు. గొంతు మామూలుగానే పెట్టాడు. నేను అన్నకు ఫోన్ చేశాను.

"జెర సీరియస్ ఉంది చెల్లె. దవఖానకు తీస్కొచ్చినం. పరేషాన్ గాకు. పిల్లల్ని తీస్కొని నిమ్మలంగ రాండ్రి," అన్నాడు. ఇంకేదో అడిగేలోపే పెట్టేశాడు.

మా ఇళ్లలో దూరాన ఉన్నవాళ్లకు చావు కబురు చెప్పరు. సీరియస్ అంటారు. దారిలో గుండె పగిలితే పట్టుకునేవాళ్లుండరని భయం. నాన్న పోయినప్పుడు గుంటూరులో ఉన్న మేనత్తకు ఫోన్ చేసి, ఏడుపు దిగమింగుకుని "జెర సీరియస్ ఉందత్తా" అన్నది నేనే. ఆ మాటకు అర్థం నాకు ఒకరు చెప్పాలా? కానీ సీరియస్ అంటే నిజంగా సీరియస్ అయిన రోజులు కూడా ఉంటాయి కదా. నేను ఆ సందు పట్టుకుని వేలాడాను. అడిగితే ఎవరైనా చెప్పేస్తారేమోనని ఎవరినీ అడగలేదు.

మా అత్తగారు గుమ్మం దగ్గర నిలబడింది. ఏటా మేం తిరిగి వచ్చేటప్పుడు కారు డిక్కీ మూత పడదు. మామిడికాయలు, తాండ్ర, జీడిపప్పు, గుడ్డ కట్టిన ఊరగాయ జాడీ, వద్దన్నకొద్దీ కుక్కుతుంది. ఆ రోజు ఒక్క కాయ పెట్టలేదు. నాకు బొట్టు పెట్టి పంపడం ఆవిడకు అలవాటు. ఆ రోజు కుంకుమ భరిణ బయటికి రాలేదు. "ఏటీ అవదు తల్లీ, బేగి ఎల్లండి," అని నా చెంప నిమిరి లోపలికి వెళ్లిపోయింది. హడావుడిలో మరిచిపోయిందనుకున్నాను. మా అత్తగారు అలాంటివి మరిచిపోయే మనిషి కాదు. ఆ సంగతీ నాకు తెలుసు.

కారెక్కగానే నేను కిటికీకి తల ఆనించాను. పిల్లలకు ఆటలు పెట్టే ఓపిక నాకు ఆ రోజు లేదు. విశాఖపట్నం దాటకముందే మా అమ్మాయి ముందుకు వంగి నా భుజం మీద తట్టింది.

"మమ్మీ, క్రికెట్ ఆడదామా? ఫస్ట్ బ్యాటింగ్ నీదే."

అది ఏడో తరగతి అయిపోయిన పిల్ల. ఈ మధ్య ఆటలంటే ముఖం చిట్లించి పుస్తకంలో దూరిపోతోంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఊరుకోవే కాసేపు," అని కసిరాను. అది ఊరుకోలేదు. లారీ వస్తే చదివింది, కారు వస్తే నా ఖాతాలో పరుగులు వేసింది. సున్నా వచ్చినా "నీకు నో బాల్ మమ్మీ" అని నన్ను మళ్లీ ఆడించింది. నేను ఫోను తీసినప్పుడల్లా కొత్త ఆట మొదలుపెట్టింది. తుని దగ్గర ఊళ్ల అంత్యాక్షరి, అన్నవరం దగ్గర పొలాల్లో కొంగలు ఎవరికి ముందు కనబడతాయో అని పందెం. నేను ముక్తసరిగా జవాబిస్తే దానికి అంతే చాలు.

గోదావరి వంతెన దగ్గర ఏటా వేగం తగ్గించి పిల్లల చేత నీళ్లలోకి చిల్లర వేయిస్తాం. ఆ రోజు మా ఆయన తగ్గించలేదు. మావాడు చేతిలో రూపాయి బిళ్ల పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. మా అమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని "కిటికీలోంచే దండం పెట్టురా, సరిపోతుంది," అంది. సరిపోతుందన్నట్టు తనూ పెట్టింది.

మా అన్న నాకు మళ్లీ ఫోన్ చేయలేదు. మా ఆయనకు చేస్తూనే ఉన్నాడు. విజయవాడ దగ్గర పెట్రోలు బంకులో మా ఆయన కారు దిగి, గాలి కొట్టే మిషను వెనక్కి పోయి మాట్లాడాడు. తిరిగొచ్చాక "ఏమంటున్నాడు?" అన్నాను. "ఎక్కడిదాకా వచ్చారని," అన్నాడు. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకున్నవాళ్లు డాక్టరు ఏమన్నాడో చెబుతారు. ఎక్కడిదాకా వచ్చారని గంటగంటకూ అడగరు. పొద్దుగూకకముందే తీయాల్సినవాళ్లే అలా అడుగుతారు. అంతవరకూ వచ్చి నా ఆలోచన ఆగిపోయింది. ఆపుకున్నాను అనాలి.

సూర్యాపేట దాటాం. ఎండ మండిపోతోంది. అన్ని ఆటలూ అయిపోయాయి. మావాడు "అవును కాదు ఆట!" అని అరిచాడు.

"అది వద్దు," అంది మా అమ్మాయి.

పొద్దున్నుంచి అది వద్దన్న ఆట అదొక్కటే. తను ఎప్పుడూ గెలిచే ఆట. మావాడు వినలేదు, సీటు మీద గెంతుతున్నాడు. నేను వెనక్కి తిరిగి, "నేనడుగుతా, నువ్వు చెప్పు," అన్నాను దానితో. ఎందుకు అన్నానో నాకు అప్పుడు తెలుసని చెప్పలేను, తెలియదనీ చెప్పలేను.

అది నా ముఖం వైపు చూసి, సరేనంది.

"నీకు ఆకలవుతుందా?"

"బిస్కెట్లు ఎక్కడ పెట్టావు?"

"నువ్వు ఎనిమిదో క్లాసుకొచ్చినవా?"

"రిజల్ట్ నువ్వే చూశావు కదా."

"డాడీ ఇయ్యాల జోరుగా నడుపుతున్నాడా?"

"డాడీనే అడుగు."

"మనం పోయినంక అమ్మమ్మ నాతోని మాట్లాడుతదా?"

దాని దగ్గర జవాబులకు కరువా? అమ్మమ్మ దగ్గర నేర్చిన పిల్ల. ఎందుకు మాట్లాడదు అంటే సరిపోయేది. నీకేమనిపిస్తోంది అన్నా సరిపోయేది. అది నా కళ్లలోకి సూటిగా చూసి, చాలా స్పష్టంగా చెప్పింది.

"అవును మమ్మీ."

"అక్క ఔట్! అక్క ఔట్!" మావాడు చప్పట్లు కొట్టి కారంతా ఎగిరాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క ఓడడం వాడు చూడలేదు. మా ఆయన అద్దంలో వెనక్కి కూడా చూడలేదు.

అమ్మ లేదని నాకు అప్పుడు తెలిసింది. ఇది నా బిడ్డకు పొద్దున్నుంచీ తెలుసునని కూడా తెలిసింది. ఆ రోజు కారులో ఆటలో అరటిపండు మావాడొక్కడే కాదు, నేను కూడా.

అక్కడే కారు ఆపించి రోడ్డు పక్కన కూలబడి ఏడవాలనిపించింది. కానీ వెనక అది నా ముఖమే చూస్తోంది. నేను ఏడిస్తే, విజయనగరం నుంచి అక్కడిదాకా అది మోసుకొచ్చినదంతా కింద పడిపోతుంది. తనవల్లే పడిందనుకుంటుంది. "ఇప్పుడు తమ్ముని వంతు," అన్నాను. మావాణ్ని అడగడం మొదలుపెట్టాను. హయత్‌నగర్ వచ్చేదాకా, ఉప్పల్ దాటేదాకా, తార్నాక సిగ్నల్ దగ్గర కూడా అడుగుతూనే ఉన్నాను. ఏం అడిగానో ఒక్కటీ గుర్తులేదు.

లాలాగూడలో మా సందు మొదట్లోనే షామియానా కనిపించింది. కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లోంచి లేచి నిలబడుతున్న మగవాళ్లు. గడప ముందు కుండలోంచి పొగ వస్తోంది. అన్న ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "రాత్రే పాయె చెల్లె. నీకోసమే ఆపినం," అన్నాడు. అప్పుడు ఏడ్చాను. మధ్యలో ఒకసారి తల తిప్పితే, మా అమ్మాయి తమ్ముడి చెయ్యి పట్టుకుని కారు దగ్గరే నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు నన్నే చూస్తోంది.

ఆ పొద్దున ఫోన్ వచ్చినప్పుడు మా ఆయన పెరట్లోకి పోయి మాట్లాడాడట. అది నీళ్లు తాగడానికి లేచి వెనకాలే పోయి వినేసింది. "మమ్మీకి దారిలో చెప్పకమ్మా, తట్టుకోలేదు," అన్నాడట. ఈ సంగతి పదో రోజు అయ్యాక ఆయనే చెప్పాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని, మేనత్తకు చేశాను కూడా. కానీ ఆ వయసు పిల్ల నెత్తిన పెట్టే బరువా అది?

అమ్మమ్మ కోసం అది ఏడవగా నేను చూడలేదు. పదకొండో రోజున ఏడవలేదు, సంవత్సరీకం నాడు ఏడవలేదు. అమ్మ మాట ఎత్తితే లేచి పక్క గదిలోకి పోయేది. పసిపిల్లలు తొందరగా మరిచిపోతారని చుట్టాలు అన్నారు. నోటికొచ్చింది అనబోయి ఊరుకున్నాను.

ఈ ఏడు కూడా అత్తగారి ఊరికి బయల్దేరాం. ఈసారి నేనూ వెనకే కూర్చున్నాను. ఆటలు లేవు. ఎవరూ అడగలేదు, నేనూ పెట్టలేదు. మావాడు నా ఒళ్లో తలపెట్టి నిద్రపోయాడు. సూర్యాపేట ఇంకా రాలేదు. కిటికీ వైపు చూస్తూనే మా అమ్మాయి అడిగింది.

"మమ్మీ, అప్పుడు నేను అవును అన్నాను కదా. నువ్వు నమ్మినవా?"

ఏడాదిగా ఆ ప్రశ్న దాని లోపలే ఉందన్నమాట. అమ్మ అయితే ఏం జవాబు చెప్పేదో నాకు తెలుసు. అడిగినదాన్నే మళ్లీ అడిగేది. నాకు ఆ పని చేయబుద్ధి కాలేదు.

"అవును," అన్నాను.

అది ఇటు తిరిగి నా కళ్లలోకి చాలాసేపు చూసింది.

"ఔట్," అంది మెల్లగా. అంటూనే నా భుజం మీద తల వాల్చేసి ఏడవడం మొదలుపెట్టింది. అమ్మమ్మా, అమ్మమ్మా అని గట్టిగా, చిన్నపిల్లలా. నేను ఊరుకోమనలేదు. మా ఆయన కారు పక్కకు తీసి ఆపాడు.

ఆ ఏడుపుకు మావాడు లేచాడు. కళ్లు నులుముకుంటూ అక్కనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"అక్క ఓడిపోయిందా?" అన్నాడు.

"లేదురా," అన్నాను. "నేనే ఓడిపోయాను."