జాకీ కింది మొద్దు

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిల, ఒక బస్టాపు దగ్గర నా కారు పంచరైంది. వాన తడి మట్టిల జాకీ పెట్టి లేపుతుంటె, దాని అడుగు ఒకపక్కకు దిగబడి నిలువు కడ్డీ ఒంగుతాంది.

"ఆపు బిడ్డా," అన్నది బస్సు కోసం నిలబడ్డ చేపలామె. "నెత్తి మీద బరువు నిటారుగుంటె మెడ మోస్తది. ఒరిగితె విరుగుతది. జాకీకైనా గంతే గద."

తట్ట దించి, చేపలు కోసే మొద్దు తీసిచ్చింది. దాని మీద జాకీ నిలబెట్టి మళ్ల లేపిన. కడ్డీ ఒంగలే.

అంతల్నే ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది. మొద్దేమో కారు కింద ఉంది. ఆమె బస్సును పొమ్మని చెయ్యి ఊపింది.

టైరు మార్చినంక మేడ్చల్‌ల దింపుత, ఎక్కమన్న. "కారంత నీసు వాసనైతది," అని వెనక్కి జరిగింది. బతిమాలి ఎక్కించుకున్న.

వాన పడ్డప్పుడు ఆ వాసన కారుల ఇంకా సన్నగ వస్తది. వాన వెలిసినంక గూడ నేను అద్దాలు దించను.