ముడతలు పడ్డ గుడ్లు

ఎనభైల్లో కరీంనగర్ దగ్గర మా ఊళ్లో కోళ్ల షెడ్డు పెట్టుకున్నాను. ఒక చలికాలం కోళ్లు తుమ్మడం మొదలుపెట్టాయి. నాలుగు రోజులకు గుడ్లు ముడతలు పడి వచ్చాయి. కొన్నింటికి పెంకే లేదు. అలాంటి గుడ్డు చేతిలోకి తీసుకుంటే మా వైపు ఎవరికైనా తోచే మాట ఒక్కటే. బాణామతి, అంటే చేతబడి.

షెడ్డు ఊడ్చేది భర్త పోయిన ఒకామె. ఇద్దరు పిల్లలతో ఉట్నూర్ వైపు నుంచి వచ్చింది. అడవి దిక్కు మనిషి కాబట్టి మంత్రాలు వస్తాయని మా అవ్వ, అంటే మా అమ్మ, తేల్చేసింది. చదువుకున్నవాణ్ని, నేను నవ్వి ఊరుకోవాలి. ఊరుకోలేదు. ఆమె ఏం గొణుగుతోందా అని షెడ్డు తీగల జాలీ పక్కన నిలబడి చూసేవాణ్ని. ఒకరోజు కొంగుముడి విప్పించాను. వక్కపలుకులు రాలాయి. సిగ్గుపడాల్సింది పోయి, ఇవెందుకు తెచ్చిందా అనుకున్నాను. ఛీ, ఎంత నీచపు బుద్ధి!

ఆ సంగతి అవ్వ నోటి మీదుగా ఊరంతా నీళ్లు పట్టుకునే బోరింగు దగ్గరికి చేరింది. బాణామతి అంటగట్టి, మంత్రాలు పలకకుండా పళ్లు పీకిన ఊళ్లు ఉన్నాయి. ఆమెకూ తెలుసు.

"పటేలా, పిల్లలున్నరు నాకు. జర నువ్వన్న చెప్పు" అంది.

తల తిప్పుకున్నాను.

పశువుల డాక్టరు వచ్చి చచ్చిన కోడిని కోశాడు. గాలిగొట్టం నిండా చీమిడి.

"గిది వైరస్. గుడ్లు గూడ దీంతోనే చెడుతయి. గొట్టంల సన్నటి నూగుంటది, మురికిని బయటికి నూకుతది. ముందుగాల దాన్నే కొడుతది" అన్నాడు. "బయటికెంచి ఏం తెచ్చినవ్?"

పక్క ఊరి షెడ్డు నుంచి వాడిన గుడ్ల అట్ట ట్రేలు తెచ్చుకున్నాను. అందరం అలా మార్చుకునేవాళ్లమే. అక్కడి కోళ్లు తుమ్మడం నా కళ్లతో చూశాను కూడా.

అది కరోనా జాతి వైరస్ అని చాలా ఏళ్లకు చదివాను. తాను దూరిన కణం సాయం కోసం వేసే మొదటి కేకను నొక్కేస్తుందట. ఆలస్యంగా లేచిన ఒంటి కాపలా ఒక్కోసారి ఆ ఒంటినే దెబ్బతీస్తుందట. చదువుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

డాక్టరు వచ్చిన రోజు మాత్రం తిన్నగా బోరింగు దగ్గరికి పోయి అందరి ముందూ చెప్పాను.

"రోగం తెచ్చింది నేనే. గామె తప్పేం లేదు."

ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, అవ్వ వైపు తిరిగాడు.

"నీ కొడుక్కు గూడ బాణామతి చేసింది."

అవ్వ నన్ను ఇంటికి లాక్కుపోయి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. అప్పటికే షెడ్డు ఊడ్చే ఆమె పిల్లలను తీసుకుని బస్సెక్కింది.