మ్యూట్‌లో పెట్టిన జొన్నరొట్టె

వారం కిందట నా ఫోనులో గ్రూపులన్నిటినీ మ్యూట్ చేశాను. అవసరమైనవి తప్ప నా రోజులోకి ఏవీ రానివ్వొద్దని గట్టిగా అనుకున్నాను. పుణెలో మేస్త్రీ పనికి పోయిన మా ఆయన కాల్ ఒక్కటి మోగితే చాలు.

గ్రూపుల గొడవంతా పోయింది. ఆయన ఫోను రావడం లేదన్న సంగతి ఒక్కటే మిగిలింది.

ఈ రోజు సాయంత్రం వనపర్తిలో బస్సు దిగుతుంటే మోగింది. ఎత్తగానే పోట్లాటకు దిగాను.

"నాలుగు రోజులాయె. ఇల్లు యాదికొస్తలేదా?"

"రూముల ఎనిమిది మందిమి ఉంటం, మాట్లాడనీకె సిగ్గయితది. అందుకే రోజు నేను జేసిన రొట్టె ఫోటో ఇంటి గ్రూపుల పెడ్తున్న గదా! నువ్వే ఒక్క మాట అంటలేవు. కోపమొచ్చిందనుకున్న."

ఫోను పెట్టేసి బస్టాండులోనే గ్రూపు తెరిచాను. మా ఆడపడుచు గుడ్ మార్నింగ్ గులాబీలు, మరిది వాస్తు వీడియోలు. వాటి మధ్యలో నాలుగు జొన్నరొట్టెలు. మొదటిది మూడు ముక్కలైంది. రెండోదీ మూడోదీ అంచులు మాడాయి. నిన్నటిది మాత్రం గుండ్రంగా పొంగింది. దాని కింద ఆయన రాశాడు: "నువ్వు జేసినట్ల వచ్చిందా?"

దానికి జవాబుగా మా ఆడపడుచు ఇంకో గులాబీ పెట్టింది.

మ్యూట్ తీసేశాను. గులాబీలు, వాస్తు, అన్నీ రానీ. ఇది చదువుతున్న మీరూ, మ్యూట్ పెట్టి ఎవరి నోరు మూశారో ఒకసారి చూసుకోండి. నేను ఇప్పుడే జవాబు రాశాను:

"రొట్టె మంచిగొచ్చింది. నువ్వెప్పుడొస్తవు?"